సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు తేలికైన, గోప్యతను కాపాడే స్టాటిక్ వెబ్‌సైటు: తెలుగు, ఒడియా లిపులతో పనిచేసేవారికి సమగ్ర మార్గదర్శి

ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి, ముఖ్యంగా రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి, సాఫ్ట్‌వేర్ రాసే తెలుగు విద్యార్థులు, ఉపాధ్యాయులు తరచుగా ఒకే సంగతి అడుగుతున్నారు. చిన్న ప్రాజెక్టు ఒకటి సిద్ధమైంది, దానికి పెద్ద ఖర్చు లేకుండా, మామూలు ఫోనులో కూడా వెంటనే తెరుచుకునే వెబ్‌సైటు పద్ధతిగా ఎలా పెట్టాలన్నది వారి ప్రశ్న.

ఉదాహరణకు ఒక లిపిమార్పిడి ఉపకరణాన్ని తీసుకుందాం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్నవారు ఒడియా లిపిలో రాసిన తెలుగును అది తెలుగు లిపిలోకి మారుస్తుంది. ఇటువంటి ప్రాజెక్టుకు డేటాబేసు, లాగిన్ అవసరం లేదు. ముందే తయారైన హెచ్‌టీఎంఎల్ పేజీలను ఉన్నవి ఉన్నట్టుగా పంపే స్టాటిక్ సైటు చాలు.

మొదటి నుంచి చివరి వరకు ఒక నియమం పాటించాలి. పేజీ నుంచి బయటి సర్వరుకు వెళ్లే ప్రతి అభ్యర్థనా పేజీని ఆలస్యం చేస్తుంది, పాఠకుడి ఐపీ చిరునామాను (ఇంటర్నెట్‌లో అతని కనెక్షన్‌ను గుర్తించే సంఖ్యను) మూడో మనిషికి చేరవేస్తుంది. కాబట్టి వేగాన్నీ గోప్యతనూ ఒకే పనిగా చూసుకుంటే శ్రమ సగం తగ్గుతుంది.

## 1. కంప్యూటరు ముందు కూర్చునే ముందు తేల్చుకోవలసినవి

పేజీల జాబితా కాగితం మీద రాయండి. సాధారణంగా ఆరు పేజీలు సరిపోతాయి: ముఖపేజీ, డౌన్‌లోడు, వాడుక విధానం, మార్పుల చిట్టా, లోపాలు తెలియజేసే దారి, గోప్యతా వివరణ. వార్తల పేజీ పెట్టాలని చాలామందికి ఉంటుంది గాని, దాన్ని తరచుగా నింపే మనిషి లేకపోతే ప్రాజెక్టు ఆగిపోయిందన్న అభిప్రాయం కలుగుతుంది. నా సలహా, అది వద్దు.

తరువాత పేజీ బరువుకు పరిమితి పెట్టుకోండి. సర్వరు మొదటి విడతలో సాధారణంగా పది ప్యాకెట్లు, అంటే సుమారు 14 కేబీ పంపి, అవి అందినట్టు జవాబు వచ్చాకే మిగతాది పంపుతుంది. ముఖపేజీ హెచ్‌టీఎంఎల్, దాని రంగూ రూపూ నిర్ణయించే సీఎస్‌ఎస్ కుదించిన తరువాత ఆ 14 కేబీలో ఇమిడితే, కొండల మధ్య సిగ్నల్ ఒక గీతకు పడిపోయే చోట కూడా పాఠం వెంటనే కనబడుతుంది. బొమ్మలు, ఫాంట్లతో కలిపి మొత్తం 100 కేబీ దాటకూడదని నేను గీత గీస్తాను.

సరిచూసుకోవలసినవి:
- పేజీల జాబితా, ఒక్కో పేజీకి బాధ్యుడి పేరు
- ఏ పేజీ ఏ భాషలో ఉండాలన్న నిర్ణయం
- బరువు పరిమితి
- బయటి సర్వర్లకు అభ్యర్థనలు: సున్నా

## 2. సైటు తయారుచేసే ఉపకరణం ఎంపిక

మీరు రాసిన పాఠాన్ని హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మార్చే ఉపకరణాలు కొన్ని ఉన్నాయి. వాటిలో హ్యూగో, జోలా ఒక్కొక్కటి ఒకే ఫైలుగా దొరుకుతాయి. ఆ ఫైలు దించుకుంటే పని మొదలవుతుంది. జెకిల్‌కు రూబీ, ఎలెవెంటీకి నోడ్, పెలికన్‌కు పైథాన్ ముందుగా ఉండాలి. మీ బృందానికి బాగా తెలిసిన భాష ఏదైనా ఉంటే దానికి సంబంధించినది తీసుకోండి, లేకపోతే హ్యూగో తీసుకోండి. తెలుగు, ఒడియా, ఆంగ్ల పేజీలను జత చేసే ఏర్పాటు అందులోనే ఉంది.

ఏది ఎంచుకున్నా దాని వెర్షను సంఖ్యను ప్రాజెక్టులో రాసి ఉంచాలి. ఏడాది తరువాత మరొకరు కొత్త వెర్షనుతో సైటును కట్టబోతే టెంప్లేట్లు, అంటే పేజీల మూసలు, పనిచేయకపోవడం సర్వసాధారణం.

రెడీమేడ్ థీములతో జాగ్రత్తగా ఉండాలి. వాటిలో చాలావరకు బయటి ఫాంట్లను, ఐకాన్లను, జావాస్క్రిప్టును నిశ్శబ్దంగా పిలుస్తాయి. ఆరు పేజీల సైటుకు రెండు వందల వరుసల సీఎస్‌ఎస్ స్వయంగా రాసుకోవడమే మేలు.

## 3. ఫైళ్ల పేర్లు, పేజీల చిరునామాలు

పేజీ శీర్షిక తెలుగులో ఉండవచ్చు, చిరునామా మాత్రం చిన్న ఆంగ్ల అక్షరాల్లో ఉండాలి. కంప్యూటరు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం (అక్షరం, గుణింతపు గుర్తు వంటిది) ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది, చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. ‘సహాయం’ అన్న మాటలో ఐదు సంకేతాలున్నాయి. దాన్ని చిరునామాగా పెట్టి వాట్సాప్‌లో పంపితే చాలాసార్లు 45 అక్షరాల శాతం గుర్తుల వరుసగా కనబడుతుంది, మధ్యలో తెగితే లింకు పనిచేయదు.

విండోస్‌లో పెద్ద అక్షరాలకు, చిన్న అక్షరాలకు తేడా ఉండదు, లినక్స్ సర్వరులో ఉంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో కనబడిన బొమ్మ ప్రచురించాక మాయమైతే మొదట అనుమానించవలసినది దీన్నే. అన్ని పేర్లూ చిన్న అక్షరాల్లో, ఖాళీలకు బదులు అడ్డగీతతో పెట్టండి.

సైటును ఉచితంగా పెట్టుకోనిచ్చే గిట్‌హబ్ పేజెస్‌లో ప్రాజెక్టు సైటు ఖాతా పేరు తరువాత ప్రాజెక్టు పేరుతో తెరుచుకుంటుంది. లింకులు ఏటవాలు గీటుతో (/) మొదలైతే బ్రౌజరు ప్రాజెక్టు పేరును వదిలేసి వెతుకుతుంది, పేజీ రంగూ రూపూ లేకుండా వస్తుంది. సైటు అమరికల ఫైలులో మూల చిరునామాను పూర్తిగా రాసి, టెంప్లేట్లలో లింకులను దాని నుంచే తయారుచేయించాలి.

## 4. మూడు భాషల పేజీలు

ప్రతి పేజీ మొదటి ట్యాగులో భాష సంకేతం ఉండాలి: తెలుగుకు టీఈ, ఒడియాకు ఓఆర్, ఆంగ్లానికి ఈఎన్. మన జిల్లాల్లో తరచుగా జరిగే పొరపాటు ఒడియాకు ఓడీ అని రాయడం. వాహనాల నంబరు ప్లేట్ల మీద 2012లో ఓఆర్ పోయి ఓడీ వచ్చింది గాని, భాషా సంకేతం ఓఆర్‌గానే ఉంది. సంకేతం తప్పితే చదివి వినిపించే ఉపకరణాలు తప్పు గొంతును ఎంచుకోవచ్చు, బ్రౌజరు అనువాద సూచనలూ దారి తప్పుతాయి.

భాషలు మార్చుకునే లింకులను ఆయా లిపుల్లోనే రాయండి. పాఠకుడి ఐపీని బట్టి భాషను నిర్ణయించకండి. రాయగడలో ఉన్న తెలుగువారికి బలవంతంగా ఒడియా పేజీ తెరవడం, పార్వతీపురంలో పనికి వచ్చిన ఒడియావారికి తెలుగు పేజీ తెరవడం రెండూ తప్పే. పైగా మనిషి ఎక్కడున్నాడో ఆరా తీసిన తరువాతే అది సాధ్యమవుతుంది. మొదటి పేజీలో మూడు లింకులు పైనే కనబడితే చాలు.

అనువాదం పూర్తికాని పేజీ ఉంటే, పాత పాఠాన్ని అలాగే వదలకుండా, తాజా సమాచారం ఏ భాషలో ఉందో పైన ఒక వాక్యంలో చెప్పి అక్కడికి లింకు ఇవ్వండి.

## 5. ఫాంట్లు: ఎక్కువ సమయం కేటాయించవలసిన అంశం

మొదటి ప్రశ్న అసలు ఫాంటు పంపాలా వద్దా అన్నది. ఆండ్రాయిడ్‌లో నోటో ఫాంట్లు, విండోస్ 8, ఆ తరువాతి యంత్రాల్లో నిర్మలా యూఐ రెండు లిపులనూ చూపగలవు. పాఠం వరకు పరికరంలో ఉన్న ఫాంటునే వాడితే ఒక్క బైటు కూడా పంపనవసరం లేదు. చాలా ప్రాజెక్టులకు ఇది చాలు.

లిపిమార్పిడి వంటి ఉపకరణానికి మాత్రం అక్షరరూపం కచ్చితంగా కనబడాలి. కొన్ని లినక్స్ యంత్రాల్లో ఒడియా ఫాంటు లేక ఖాళీ డబ్బాలు కనబడతాయి. అటువంటప్పుడు ఫాంటును మీ సైటులోనే పెట్టి పంపండి. గూగుల్ సర్వరు నుంచి పిలవవద్దు. అలా పిలిచి పాఠకుడి ఐపీని చేరవేసినందుకు జర్మనీలో మ్యూనిక్ న్యాయస్థానం ఒకటి 2022 జనవరిలో ఒక వెబ్‌సైటు యజమానిని 100 యూరోలు చెల్లించమంది. నోటో ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి కనుక మీ సర్వరులో పెట్టుకోవడానికి అభ్యంతరం ఉండదు, లైసెన్సు పాఠాన్ని పక్కనే ఉంచాలి.

పూర్తి ఫాంటు ఫైలు వందల కేబీలు ఉండవచ్చు. పైథాన్‌లోని ఫాంట్‌టూల్స్‌తో వచ్చే పైఎఫ్‌టీసబ్‌సెట్ ద్వారా దాన్ని కుదించాలి. క్రమం ఇది:

1. ఫాంట్‌టూల్స్‌తో పాటు బ్రాట్లీ ప్యాకేజీని కూడా ఇన్‌స్టాల్ చేయండి. అది లేకపోతే వెబ్ కోసం కుదించిన ఫాంటు రూపమైన వాఫ్-2 ఫైలు తయారుకాదు.
2. తెలుగు ఫాంటు నుంచి యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే పట్టిక) తెలుగు విభాగంలోని 128 స్థానాలను, ఒడియా ఫాంటు నుంచి ఒడియా విభాగంలోని 128 స్థానాలను ఎంచుకోండి.
3. వాటికి ఖాళీ, అంకెలు, విరామచిహ్నాలు, రూపాయి గుర్తు, చుక్కల వలయం చేర్చండి.
4. కంటికి కనబడని రెండు సంకేతాలను, అంటే అక్షరాలను కలిపేదాన్ని (జెడ్‌డబ్ల్యూజే), విడదీసేదాన్ని (జెడ్‌డబ్ల్యూఎన్‌జే) తప్పక చేర్చండి.
5. ఒడియా ఫాంటుకు దండను, జోడు దండను చేర్చండి.
6. ఒత్తులను, సంయుక్తాక్షరాలను అమర్చే లేఅవుట్ ఫీచర్లన్నీ ఉంచమని నక్షత్రం గుర్తుతో చెప్పండి.
7. ఫలితాన్ని వాఫ్-2గా దాచండి.

ఐదో మెట్టు దగ్గర చాలామంది చిక్కుకుంటారు. ఒడియా వాక్యం చివర వచ్చే దండకు యూనికోడ్‌లో ఒడియా విభాగంలో చోటు లేదు, అది దేవనాగరి విభాగంలో ఉంది. ఒడియా స్థానాలు మాత్రమే ఎంచుకుంటే ప్రతి వాక్యం చివరి గీతా వేరే ఫాంటులో, వేరే మందంతో వస్తుంది.

ఆరో మెట్టు తప్పితే సంయుక్తాక్షరాలు విడిపోతాయి. కుదించిన ఫాంటుతో ఈ మాటలు చూడండి: రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, ఆర్ద్రత, సాఫ్ట్‌వేర్. మొదటి ఐదింటిలో ఎక్కడైనా పొల్లు విడిగా కనబడితే లేఅవుట్ పట్టికలు పోయాయని అర్థం. ఆరోది ‘సాఫ్ట్వేర్’ అని, టవత్తు పక్కన వావత్తు కూడా చేరి కనబడితే విడదీసే సంకేతం పాఠం నుంచే పోయింది. కనబడని అక్షరాలను శుభ్రం చేసే ఎడిటరు అమరిక ఏదైనా ఉందేమో వెతకండి.

సీఎస్‌ఎస్‌లో ప్రతి ఫాంటుకూ యూనికోడ్ పరిధిని రాస్తే, ఒడియా అక్షరం లేని పేజీలో ఒడియా ఫాంటు దిగదు. భాష మార్చే లింకులో ఒక్క ఒడియా మాట ఉన్నా ఫాంటంతా దిగుతుంది కనుక, ఆ లింకుకు మాత్రం పరికరంలోని ఫాంటును కేటాయించండి. ఫాంటు వచ్చే లోపు పాఠం కనబడేలా ఫాంట్ డిస్‌ప్లేకు స్వాప్ అని పెట్టండి.

ఫాంటును ముందుగా రప్పించే ప్రీలోడ్ ట్యాగు వాడితే, సొంత సర్వరులోని ఫాంటుకు కూడా క్రాస్ ఆరిజిన్ లక్షణం రాయాలి. రాయకపోతే అదే ఫైలు రెండుసార్లు దిగుతుంది.

వరుసల మధ్య ఎడం ఆంగ్లానికి 1.5 చాలినా, తెలుగు ఒత్తులకు 1.7 వరకు ఉంచండి. అక్షరాల మధ్య ఎడం పెంచే సీఎస్‌ఎస్ లక్షణాన్ని తెలుగు, ఒడియా పాఠాలకు వాడకండి.

## 6. బొమ్మలు, వీడియోలు

తెరపట్టులను (స్క్రీన్‌షాట్లను) తక్కువ బరువుండే వెబ్‌పీ రూపంలోకి మార్చి, కనబడే వెడల్పుకు రెట్టింపు మించకుండా కుదించండి. ప్రతి బొమ్మకూ వెడల్పు, ఎత్తు రాస్తే పేజీ దిగుతున్నప్పుడు పాఠం కిందికి జారదు. మొదటి తెరలో కనబడే బొమ్మకు ఆలస్యంగా దిగే లేజీ లక్షణం పెట్టకూడదు, కింద వచ్చేవాటికి పెట్టాలి.

ఫోనుతో తీసిన ఫొటోలో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉండవచ్చు. ఎగ్జిఫ్‌టూల్‌తో ఆ సమాచారాన్ని తీసేసిన తరువాతే ప్రాజెక్టులో చేర్చండి. ఫైళ్ల పాత రూపాలన్నిటినీ దాచే గిట్ చరిత్రలోకి ఒకసారి వెళ్లిన ఫైలు తరువాత తొలగించినా పాత వెర్షన్లలో దొరుకుతూనే ఉంటుంది.

యూట్యూబ్ వీడియోను పేజీలో నేరుగా అతికించవద్దు. వీడియో ముఖచిత్రాన్ని మీ సైటులో పెట్టి, ‘ఈ లింకు నొక్కితే యూట్యూబ్ తెరుచుకుంటుంది’ అని రాసి లింకు ఇవ్వండి.

## 7. జావాస్క్రిప్టు, శోధన

జావాస్క్రిప్టు ఆపేసినా ప్రతి పేజీ చదవడానికి, ఫైలు దించుకోవడానికి వీలుండాలి. ఆరు పేజీల సైటుకు శోధన అక్కరలేదు, మంచి విషయసూచిక చాలు.

వాడుక విధానం పెద్దదై శోధన తప్పనిసరైతే పేజ్‌ఫైండ్ వంటి ఉపకరణం వాడండి. అది సూచికను సైటు కట్టేటప్పుడే తయారుచేస్తుంది, వెతుకులాట పాఠకుడి బ్రౌజరులోనే జరుగుతుంది. ఒడియాలో ఒక చిక్కు ఉంది: ఒడియా అన్న పేరులోనే వచ్చే చుక్క డ అక్షరాన్ని ఒకే సంకేతంగానూ, డ తరువాత చుక్కగా రెండు సంకేతాలుగానూ టైపు చేయవచ్చు. కంటికి రెండూ ఒకటే, శోధనకు వేరు. సూచిక తయారుచేసే ముందు పాఠాన్ని, వెతికేటప్పుడు పాఠకుడి మాటను ఎన్‌ఎఫ్‌సీ అనే ఏకరీతి యూనికోడ్ రూపంలోకి మారిస్తే రెండూ కలుస్తాయి.

## 8. హోస్టింగ్, డొమైన్, హెడర్లు

గిట్‌హబ్ పేజెస్, గిట్‌ల్యాబ్ పేజెస్, కోడ్‌బర్గ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్, నెట్లిఫై: వీటిలో దేనిలోనైనా చిన్న సైటును ఉచితంగా పెట్టవచ్చు. గిట్‌హబ్ పేజెస్‌లో సైటు 1 జీబీ మించకూడదు, సొంత హెడర్లు (పేజీతో పాటు సర్వరు బ్రౌజరుకు పంపే ఆదేశాలు) పెట్టుకోవడానికి వీలు లేదు. ప్రచురించాక కొంతసేపు పాత పేజీయే కనబడితే కంగారు పడకండి, పది నిమిషాల కాష్ గడువు, అంటే దాచిన పాత ప్రతినే చూపే వ్యవధి, ఉంటుంది. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్, నెట్లిఫైలలో హెడర్ల ఫైలు ఒకటి చేర్చి నియమాలు రాసుకోవచ్చు.

సొంత డొమైన్ తప్పనిసరి కాదు. కొంటే దాని ఖాతా తాళం కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. చదువు ముగించి బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లిన ఒక్కరి పేరు మీదే ఉన్న డొమైన్ గడువు తీరితే, ఆ పేరును మరెవరో కొనుక్కొని మీ పాఠకులకు ఏమైనా చూపించగలరు. హోస్టింగ్ మార్చినప్పుడు డొమైన్ పేరు ఏ సర్వరుకు చేరాలో చెప్పే పాత డీఎన్‌ఎస్ పద్దులను వెంటనే తొలగించండి.

పెట్టవలసిన హెడర్లు:
- కంటెంట్ సెక్యూరిటీ పాలసీ: అన్నీ సొంత సర్వరు నుంచే రావాలని. ఇది పెట్టాక పేజీలోనే రాసిన స్టైల్, స్క్రిప్టు ఆగిపోతాయి కనుక వాటిని విడి ఫైళ్లలోకి మార్చండి. గిట్‌హబ్ పేజెస్‌లో దీన్ని మెటా ట్యాగుగా రాయవచ్చు.
- రెఫరర్ పాలసీ: నో రెఫరర్. పాఠకుడు ఏ పేజీ నుంచి వచ్చాడో లింకు నొక్కినప్పుడు అవతలి సైటుకు తెలియదు.
- కాష్ గడువు: పేరులో హ్యాష్ (ఫైలు మారితే తానూ మారే గుర్తింపు సంఖ్య) ఉన్న ఫైళ్లకు ఒక ఏడాది, హెచ్‌టీఎంఎల్‌కు ప్రతిసారీ సరిచూసుకోవాలని.

హెచ్‌టీటీపీఎస్ ధ్రువపత్రాన్ని హోస్టింగ్ సంస్థ తనంతట తాను పునరుద్ధరిస్తుంది. సొంత సర్వరు నడిపితే ఆ పునరుద్ధరణను యంత్రానికే అప్పగించండి. 2029 మార్చి 15 నుంచి ధ్రువపత్రాల గరిష్ఠ కాలం 47 రోజులే కాబోతోంది, చేత్తో చేసే పని అప్పటికి సాగదు.

## 9. సందర్శకుల లెక్క, గోప్యతా పేజీ

ఎంతమంది వచ్చారన్న కుతూహలం సహజమే గాని, ప్రాజెక్టుకు నిజంగా ఉపయోగపడే అంకె డౌన్‌లోడులది. గిట్‌హబ్ విడుదలల్లో ఒక్కో ఫైలును ఎన్నిసార్లు దించుకున్నారో గిట్‌హబ్ ఏపీఐ (ప్రోగ్రాములు సమాచారం అడిగే దారి) చెబుతుంది, దానికోసం పేజీలో ఏ ట్రాకరూ అవసరం లేదు. సొంత సర్వరైతే గోయాక్సెస్ అనే ఉపకరణంతో లాగ్ ఫైళ్లను (సర్వరు రాసుకునే సందర్శనల చిట్టాలను), ఐపీలను మరుగుపరిచి చదవండి.

గోప్యతా పేజీలో ‘మేము ఏ సమాచారమూ సేకరించము’ అని ఒక వాక్యం రాసి ఊరుకోవడం అబద్ధమవుతుంది. మీరు సేకరించకపోయినా హోస్టింగ్ సంస్థ సేకరించవచ్చు. గిట్‌హబ్ పేజెస్ భద్రత కోసం సందర్శకుల ఐపీలను నమోదు చేస్తుంది. ఎవరు, ఏమి, ఎందుకు దాస్తున్నారో ఐదారు వాక్యాల్లో తెలుగులోను, ఒడియాలోను రాయండి.

కొత్త వెర్షను కబురు పంపడానికి ఈమెయిళ్లు సేకరిస్తే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కింద నోటీసు, సమ్మతి బాధ్యతలు వస్తాయి. దానికి బదులు, పాఠకుడే తన యాప్‌లో కొత్త కబుర్లు తెప్పించుకునే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు పెట్టండి, ఎవరి చిరునామా అడగనవసరం లేదు.

## 10. ప్రచురణకు ముందు పరీక్ష

ల్యాప్‌టాప్‌లో, మంచి వైఫై మీద చూసి తృప్తిపడకండి. పాత ఆండ్రాయిడ్ ఫోను ఒకటి తీసుకొని, బ్రౌజరు కాష్ తుడిచి, మొబైల్ డేటా మీద తెరవండి.

- క్రోమ్ డెవలపర్ ఉపకరణాల నెట్‌వర్క్ విభాగంలో థర్డ్ పార్టీ అభ్యర్థనల వడపోత పెట్టండి. జాబితా ఖాళీగా ఉండాలి.
- పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి. పాఠం జారడాన్ని కొలిచే సీఎల్‌ఎస్ 0.1 మించకూడదు.
- లైచీ వంటి ఉపకరణంతో లింకులన్నీ సరిచూడండి.
- లేని చిరునామా టైపు చేయండి. మీ 404 పేజీ, అంటే ‘పేజీ దొరకలేదు’ అని చెప్పేది, మూడు భాషల్లో దారి చూపాలి.
- ఆండ్రాయిడ్‌లో తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి ముఖపేజీని వినండి.

## 11. విడుదల రోజు క్రమం

1. సాఫ్ట్‌వేర్ ఫైళ్లను విడుదలల పేజీలోకి ఎక్కించండి. వాటిని సైటు గిట్‌లో ఉంచవద్దు.
2. ఎక్కించిన ఫైలును వేరే యంత్రంలోకి దించి, దాని ఎస్‌హెచ్‌ఏ-256 మొత్తాన్ని (ఫైలులోని సమాచారం నుంచి లెక్కించే గుర్తింపు సంఖ్యను) లెక్కించండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ ఆదేశం ఆ పని చేస్తుంది.
3. మినీసైన్‌తోనో జీపీజీతోనో ఫైలుకు డిజిటల్ సంతకం చేయండి. ఎస్‌హెచ్‌ఏ మొత్తం ఫైలు మధ్యలో పాడైతే పట్టిస్తుంది గాని, సైటులోకి చొరబడినవాడు ఫైలుతో పాటు ఆ మొత్తాన్నీ మార్చగలడు. సంతకం చేసే రహస్య తాళం సైటులో లేకపోతే అతను కొత్త సంతకాన్ని సృష్టించలేడు.
4. మార్పుల చిట్టాను మూడు భాషల్లో రాయండి.
5. డౌన్‌లోడు పేజీలో వెర్షను సంఖ్య, ఫైలు పరిమాణం, ఎస్‌హెచ్‌ఏ మొత్తం మార్చండి. ఫైలు ఎన్ని ఎంబీ ఉందో లింకు పక్కనే కనబడాలి, రోజువారీ డేటా ప్యాకు మీద నడిచేవారికి అది ముఖ్యం.
6. భద్రతా లోపాలు ఎవరికి చెప్పాలో రాసి ఉంచే సెక్యూరిటీ టెక్స్ట్ ఫైలులో సంప్రదించే చిరునామా పనిచేస్తోందో లేదో ఒక ఉత్తరం పంపి చూడండి. దాని గడువు తేదీ దగ్గరపడితే పొడిగించండి.
7. చివరగా సైటును ప్రచురించి, ఫోనులో డౌన్‌లోడు లింకును మీరే నొక్కి, దిగిన ఫైలును తెరిచి చూడండి.